నాలుగో గడి

విమానంలో మీ చేతికిచ్చే ఉప్మా, దద్దోజనం ఎక్కడో ఒకచోట వండాలి కదా. శంషాబాద్‌లో అలా వండే ఒక వంటశాలలో నేను శుభ్రత సూపర్‌వైజర్‌ని. పదమూడేళ్లుగా నా పని తలుపు దగ్గర మొదలవుతుంది. అక్కడ ఒక బల్ల మీద రిజిస్టరు ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ అందులో రాసి సంతకం చేయాలి. మొదటి గడిలో పేరు. రెండో గడిలో జ్వరం ఉందా లేదా. మూడో గడిలో చేతుల మీద పుండ్లు, గాయాలు. నాలుగో గడిలో విరేచనాలు, కడుపులో తేడా. నాలుగో గడిలో "ఉంది" అని రాసినవాళ్లను లోపలికి పంపకూడదు. కడుపు బాగాలేని చేయి తగిలిన అన్నం మూడు వందల మందిని పడుకోబెడుతుంది.

అందుకని ఎవరూ "ఉంది" అని రాయరు. రాస్తే ఇంటికి పంపుతాం, ఆ రోజు హాజరు పడదు. నలభై మంది ఆడవాళ్లు రోజూ "లేదు" అని రాస్తారు. అందరికంటే ముందు, పై వరసలో, నేను రాస్తాను.

ఆ పై వరసలో నేను పదకొండు నెలలు అబద్ధం రాశాను. దాని పర్యవసానమే ఇప్పుడు చెప్పబోయేది. ప్రాణం పోతుందేమోనని మా ఇంట్లో అందరూ భయపడ్డారు, నేనూ భయపడ్డాను. కానీ ఆ తర్వాత పనికి దూరమైన ఆరు నెలలూ నన్ను అంతకంటే ఎక్కువ పీడించిన ప్రశ్న వేరే ఉంది: మళ్లీ ఆ తలుపు దాటి లోపలికి వెళ్లగలనా?

బోనాల నెల నుంచి జూన్ దాకా

మొదటిసారి రక్తం చూసింది బోనాల నెలలో. ఎర్రగా, కొంచెమే. వేడి చేసిందనుకున్నాను. మా ఇళ్లలో ఏదొచ్చినా ముందు వేడే చేస్తుంది. సబ్జా గింజలు నానబెట్టి తాగాను, మజ్జిగ తాగాను, మిరపకాయ మానేశాను. పది రోజులు తగ్గింది. మళ్లీ వచ్చింది. మొలలు అయి ఉంటాయనుకుని మందుల షాపుకు వెళ్లాను. శంషాబాద్‌లో నన్ను అందరూ గుర్తుపడతారు కాబట్టి బస్సెక్కి కాటేదాన్ దాకా పోయి, అక్కడ ముఖం తెలియని షాపులో, "మా అత్తమ్మకు" అని చెప్పి పూత మందు కొనుక్కున్నాను. పాపం ఆవిడకు డెబ్బై ఏళ్లు, ఆవిడ కడుపు గడియారంలా పనిచేస్తుంది.

రిజిస్టరు విషయంలో నాకు నేను సమాధానం చెప్పుకున్నాను. గడిలో అడిగింది విరేచనాల గురించి. రక్తం గురించి కాదు. కాబట్టి "లేదు" అన్నది అబద్ధం కాదు. "కడుపులో తేడా" అన్న రెండు మాటలు మాత్రం చదవనట్టు దాటేసేదాన్ని. తర్వాత్తర్వాత వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం, వెళ్తే ఏమీ లేకపోవడం మొదలైంది. అప్పుడు కూడా "లేదు" అనే రాశాను.

జూన్‌లో ఒకరోజు ఒక బండి నిండా దద్దోజనం పెట్టెలు నా ముందుకొచ్చాయి. చీటీల మీద తేదీ ఉంది, వండిన సమయం లేదు. మొత్తం పారేయమన్నాను. కూరగాయలు కోసే విభాగంలో పనిచేసే మణెమ్మ ఆ బండి తోసుకుపోతూ గొణిగింది.

"ఒక్క చీటీ సక్కగ లేకుంటెనే గింత పారేస్తవా మేడం? మంచిగనే ఉండె గదా!"

"మంచిగ ఉందో లేదో తెల్వనప్పుడు పారేసుడే మణెమ్మా," అన్నాను. ఆ మాట కొత్త పిల్లలకు శిక్షణ ఇచ్చేటప్పుడు వందసార్లు చెప్పి ఉంటాను. అరగంట తర్వాత బాత్‌రూమ్‌లో కూర్చుని కిందికి చూసుకుంటే మళ్లీ రక్తం. అప్పుడు సిగ్గేసింది. భయం కంటే ముందు సిగ్గే వేసింది. ఆ రాత్రి మా ఆయనకు చెప్పి, మర్నాడు సెలవు పెట్టాను.

జూన్

పెద్దపేగు, మలద్వారం జబ్బులకు మాత్రమే చూసే సర్జన్ దగ్గరికి మా ఆయన తీసుకెళ్లాడు. మా ఆయనకు కందుకూరులో డ్రిప్ పైపుల షాపుంది. పైపులో ఎక్కడ అడ్డం పడిందో చేత్తో తడిమి చెప్పగలడు కానీ, నా జబ్బు పేరు మాత్రం ఆయన నోటికి రాలేదు. రిసెప్షన్‌లో దేనికోసం వచ్చారని అడిగితే "గ్యాస్" అన్నాడు.

ఆ వెయిటింగ్ హాలు గురించి చెప్పాలి. మన దగ్గర ఏ దవాఖానకు పోయినా పక్కన కూర్చున్న మనిషి ఐదు నిమిషాల్లో ఏమైందని అడుగుతుంది, పదో నిమిషానికి తన కథ చెప్తుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంకో వింత, కుర్చీలు సగం ఖాళీగా ఉన్నాయి, జనం మాత్రం గోడల వెంబడి నిలబడి ఉన్నారు. నేనొక్కదాన్నే వెళ్లి దర్జాగా కూర్చున్నాను. నా పక్కన గోడకు ఆనుకుని ఒక ముప్పై ఏళ్ల మనిషి ఉన్నాడు. గగన్‌పహాడ్‌లో ఫ్యాక్టరీ సామాను లారీ నడుపుతాడట.

"అన్నా, కూసోరాదు, జాగ ఉంది గదా," అన్నాను.

"వద్దక్కా. గీడికి వచ్చెటోళ్లం కూసునుడు మర్చిపోయినం," అన్నాడు. "లేజరు చేసిన్రు మొన్న. ఇంకో వారమైతే కూసుంట అన్నడు సారు."

గోడ మీద బొమ్మలున్నాయి. మొలలకు లేజర్, భగందరానికి, అంటే ఫిస్టులాకు, సన్నటి దారం, పేగు జబ్బుకు పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలతో ఆపరేషన్. బొమ్మల్లోని మనుషులంతా నవ్వుతున్నారు.

సర్జన్ గారిది గుంటూరు వైపు మాట. యాభై దాటి ఉంటాయి. నేను చెప్పింది మధ్యలో ఆపకుండా విన్నారు. వేలితో పరీక్ష చేశారు. చేతి తొడుగు తీసేస్తూ, "ఇది మొలలు కాదనిపిస్తోందమ్మా. కెమెరాతో పేగంతా చూడాలి. ముందురోజు ఘనపదార్థం ఏదీ తీసుకోకూడదు, తాగేవే తీసుకోండి. పేగు శుభ్రంగా ఉండాలి," అన్నారు. శుభ్రం గురించి నాకు చెబుతున్నారా అనుకున్నాను.

ఆ ముందురోజు ఇంట్లో అత్తమ్మకు "కడుపు పరీక్ష" అని మాత్రమే చెప్పాను. ఏమీ తినొద్దట, తాగేవే తీసుకోవాలట అన్నాను. ఆవిడ పొద్దున, మధ్యాహ్నం చెంబెడు చెంబెడు అంబలి కాచి ఇచ్చింది. జొన్న అంబలి, మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ వేసి. రెండుసార్లూ తాగాను. మా ఇళ్లలో ఎప్పుడైనా ఎవరైనా అంబలి తిన్నామని అన్నారా? తాగేదే కదా. పదమూడేళ్లు వంటశాలలో పనిచేసిన నాకు కూడా అది జొన్నపిండి అన్న సంగతి తట్టలేదు. సాయంత్రం ఉప్పటి మందు రెండు లీటర్లు తాగి, బాత్‌రూమ్‌కీ మంచానికీ తిరిగి, తయారయ్యాననే అనుకున్నాను.

మర్నాడు మత్తు దిగాక సర్జన్ గారు నా మంచం పక్కన నిలబడి ఉన్నారు. "సగం వరకే చూడగలిగానమ్మా. లోపల పిండి ఉంది. ఏం తిన్నారు నిన్న?"

"ఏం తినలేదు సార్."

"ఏమీ తినలేదా?"

"అంబలి తాగిన సార్."

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నర్సు వైపు తిరిగి, పరీక్షకు ముందు తినకూడనివి రాసిచ్చే కాగితంలో ఆ పేరు కూడా రాయించమని చెప్పారు. వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆ వారం రోజులూ అత్తమ్మ ముద్ద మింగలేదు. "నా చేతులతోని కాచి పోస్తి గదా బిడ్డా. నా అంబలి వల్లనే ముదిరిందా ఏంది?" అని అడిగినవాళ్లనూ అడగనివాళ్లనూ అడిగేది. మా ఆయన ఆవిడ మీద విసుక్కునేవాడు. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఆవిడకు నేను ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు.

రెండోసారి పరీక్షలో అంతా కనిపించింది. ముక్క తీసి ల్యాబ్‌కు పంపారు, స్కాన్ కూడా తీయించారు. మేం కూడా వండిన ప్రతి వంటకంలో ఒక పెట్టె తీసి ఫ్రిజ్‌లో దాస్తాం, ఎవరికైనా ఏమైనా అయితే పరీక్షకు పంపడానికి. కాబట్టి ఆ నాలుగు రోజుల నిరీక్షణ నాకు అర్థమయ్యే విషయమే. అర్థమైనంత మాత్రాన అన్నం సహించలేదు.

"క్యాన్సరేనమ్మా," అన్నారు సర్జన్ గారు. దాపరికం లేకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. "పేగు గోడ దాటలేదు. మీరు ఆలస్యం చేసినా అది తొందరపడలేదు."

మాతో వచ్చిన అత్తమ్మ కుర్చీ అంచుకు జరిగింది. "సారూ, వారం దినాలు నావల్లనే ఆలస్యమైంది. అంబలి పోసిన. గందుకేనా?"

"వారానికి ఏమీ కాదు పెద్దమ్మా," అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగారు. "పదకొండు నెలలు ఏం చేశారమ్మా?"

ఏం చేశానో నాకు తెలుసు. ప్రతి ఉదయం "లేదు" అని రాశాను. ఆ మాట అక్కడే, ఆ గదిలోనే అత్తమ్మకు చెప్పాను. కాటేదాన్ మందుల షాపుతో సహా. బయటికొచ్చాక ఆవిడ, "నా పేరు జెప్పి మందు కొన్నవా?" అని మాత్రం అడిగింది.

జులై

ఆపరేషన్ పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలతోనే. లోపల మాత్రం చిన్నదేమీ కాదు. జబ్బున్న చోట పేగు కోసి, మిగిలిన రెండు కొసలు కలుపుతారు. ఆ అతుకు మానేదాకా దాన్ని వాడకుండా, చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి, మలం పడేందుకు అక్కడ ఒక సంచి అతికిస్తారు. మూడు నెలలు. అతుకు పెట్టడం కుదరకపోతే ఆ సంచి జీవితాంతం. కుదురుతుందో లేదో లోపలికి వెళ్లి చూస్తేగానీ చెప్పలేనన్నారు.

జీవితాంతం సంచితో వంటశాలలోకి రానిస్తారా అని నేను అడిగాను. ప్రాణం గురించి అడుగుతానని ఆయన సిద్ధపడి ఉన్నట్టున్నారు. కొంచెం తడబడ్డారు. "అది మీ కంపెనీ డాక్టరును అడగాలమ్మా," అన్నారు.

ముందురోజు ఒక నర్సు వచ్చి నన్ను నిలబెట్టింది, కూర్చోబెట్టింది, వంగమంది. "లంగా బొందు ఎక్కడ కడతారు?" అని అడిగింది. చూపించాను. ఆ బొందు ఒరుసుకోని చోటు వెతికి, బొడ్డుకు కుడివైపు కింద పెన్నుతో చిన్న గుండ్రటి గుర్తు పెట్టింది. "మీరు కూర్చున్నా మీకు కనబడాలి, చీర కట్టినా ఎవరికీ కనబడకూడదు," అంది. ఆ రోజు దాకా నా జబ్బు గురించి ఎంతోమంది మాట్లాడారు. నా చీర గురించి ఆలోచించింది ఆ అమ్మాయి ఒక్కతే. నాకు ఏడుపొచ్చింది. అంతకుముందు రాలేదు.

కళ్లు తెరిచాక మొదట పొట్ట తడుముకోలేదు. మా ఆయన ముఖం చూశాను. "అతుకు కుదిరిందట," అన్నాడు. అలా అని బయటికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి ముఖం కడుక్కుని ఉన్నాడు.

నొప్పి కడుపులో ఉంటుందనుకున్నాను, భుజంలో వచ్చింది. ఆపరేషన్‌కు లోపల నింపిన గాలి అలా చేస్తుందట. మర్నాడే నడిపించారు. నా గది కిటికీలోంచి దిగే విమానాలు కనిపించేవి. ఏ వేళకు దిగేది ఏ ఊరిదో, దాంట్లో ఏం వడ్డించి ఉంటారో నాకు తెలుసు. నడిచే ప్రతిసారీ ఒక విమానం సంగతి లెక్క తప్పకుండా చెప్పేదాన్ని. పేగు కదిలిందనడానికి గుర్తుగా సంచిలోకి గాలి వచ్చిందా అని నర్సులు గంటకోసారి వచ్చి చూసేవారు. మూడో రోజు సంచి ఉబ్బింది. అత్తమ్మ వరండాలోకి పరుగెత్తి, కందుకూరులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి, అంతస్తంతా వినబడేలా చెప్పింది: "గ్యాస్ వచ్చిందిరా! మంచిగ వచ్చింది! పరేషాన్ గాకు!"

కోసి తీసిన పేగు గురించి ల్యాబ్ నుంచి వచ్చిన కాగితం మంచిదే. ఇక మందులేమీ అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండాలన్నారు.

ఆగస్టు నుంచి అక్టోబర్

మా ఆయన బంధువులందరికీ అపెండిక్స్ అని చెప్పాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు అపెండిక్స్‌కు ఇన్ని నెలల రెస్టేంది అని ఆశ్చర్యపోయేవారు. ఆయన ఏదో ఒక కథ అల్లేవాడు. ఒకరోజు ఆయన చిన్నమ్మ ముందే నా సంచి చప్పుడు చేసింది. అందరికీ వినిపించింది. మా ఆయన గభాలున టీవీ పెట్టాడు. ఆమె వెళ్లాక అడిగాను.

"ఎందుకు గంత సిగ్గు నీకు?"

"నాకు గాదు సరితా, నీకోసమే," అన్నాడు.

"నాకోసమైతే నిజం జెప్పు. సిగ్గుపడే గదా గింత దూరం తెచ్చుకున్న."

రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు ఆయనే వచ్చి సంచి మార్చడం నేర్పమన్నాడు. చేయి ఆయనదే నయం. పైపుకు జాయింటు వేసే మనిషి కదా, అంచు ఎక్కడా లేవకుండా, చుక్క కారకుండా అతికించాడు. ఆ తర్వాత చిన్నమ్మకు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాడు. ఆమె అంతా విని, తనకూ రెండేళ్లుగా మొలలున్నాయని చెప్పిందట.

అత్తమ్మ తన పాత మెత్తటి నూలు చీర చింపి సంచికి గలీబులు కుట్టింది, దిండ్లకు కుట్టినట్టే. పువ్వులవి మూడు, చారలవి రెండు. అంబలి మాత్రం ఇంట్లో మళ్లీ కాచలేదు. చివరికి ఒకరోజు నేనే అడిగి కాయించుకున్నాను.

దసరా వెళ్లాక పేగును మళ్లీ లోపలికి పంపారు. అది చిన్న ఆపరేషన్. తర్వాత సంగతే చిన్నది కాదు. మలాన్ని ఆపి ఉంచే చోటు కొంత పోయింది కాబట్టి రోజుకు ఎనిమిది, తొమ్మిదిసార్లు. ఒక్కోసారి పరుగు. సర్జన్ గారు ఇది మామూలేనన్నారు, నెలలు పడుతుందన్నారు, తగ్గుతుంది కానీ పాత లెక్కకు రాకపోవచ్చన్నారు. అంటురోగం కాదని, పనికి వెళ్లవచ్చని ఉత్తరం రాసిచ్చారు.

డిసెంబర్

మొదటి రోజు తలుపు దగ్గర రిజిస్టరు తెరిచాను. పై వరస ఖాళీగా ఉంది. పేరు రాశాను. జ్వరం లేదు. పుండ్లు లేవు. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగింది.

ఆ పొద్దున అప్పటికే ఐదుసార్లు వెళ్లాను.

మేనేజర్ పక్కనే ఉన్నాడు. మంచివాడే. "లేదు అని రాసేయండి మేడం. అది ఇన్ఫెక్షన్ కాదని మనకు తెలుసు కదా, లెటర్ కూడా ఉంది," అన్నాడు.

ఆయన చెప్పింది తప్పు కాదు. పదకొండు నెలలు రాయకూడని చోట "లేదు" రాసి లోపలికి వెళ్లాను. ఇప్పుడు నావల్ల ఎవరికీ ప్రమాదం లేదు, అయినా "ఉంది" అని రాస్తే బయట ఉండాలి. ఆరు నెలలు ఈ తలుపు కోసమే ఎదురుచూశాను. వెనక నలభై మంది వరసలో నిలబడి ఉన్నారు, ముందు మణెమ్మ.

"ఉంది" అని రాశాను. సంతకం చేశాను. పెన్ను మణెమ్మకు ఇచ్చి, బయట ఆఫీసు గదిలోకి వెళ్లి కూర్చున్నాను.

మూడు వారాలు అక్కడే, చీటీలు సరిచూస్తూ. కంపెనీ డాక్టరు పరీక్షలు చేయించి, సర్జన్ గారితో మాట్లాడి, చివరికి నన్ను లోపలికి అనుమతిస్తూ ఒక కాగితం ఇచ్చాడు. ఆ మూడు వారాలూ రోజూ పొద్దున వచ్చి పై వరసలో "ఉంది" అనే రాశాను. నా కింద నలభై "లేదు"లు. కోపం కూడా వచ్చింది, నా మీద నాకు. అంత నీతిగా ఉండాల్సిన అవసరం ఏమొచ్చిందని.

లోపలికి వెళ్లాల్సిన రోజు. కాగితాన్ని రిజిస్టరుకు పిన్ను చేసి, తలకప్పు పెట్టుకుంటున్నాను. మణెమ్మ బల్ల దగ్గర పెన్ను పట్టుకుని అలాగే నిలబడింది. వెనక వాళ్లు తొందర చేస్తున్నారు.

"మేడం," అంది మెల్లగా. "గీ నాలుగో దాంట్ల ఉంది అని రాస్తే ఇంటికి పంపుతరా, దవాఖానకు పంపుతరా?"

ఆమె ముఖం చూశాను. కాటేదాన్ షాపులో నా ముఖం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు చూశాను.

"ఎన్ని రోజుల సంది?" అన్నాను.

"బతుకమ్మ కాడికెల్లి. వేడి అనుకున్న."

"దవాఖానకే. నేను గూడ వస్త. నీ హాజరు సంగతి నేను మాట్లాడుత."

ఆమె రాసింది. అక్షరాలు పేర్చుకుంటూ నెమ్మదిగా రాసింది. తలకప్పు తీసి జేబులో పెట్టుకున్నాను. మూడు వారాలు ఆగిన తలుపు ఇంకో పూట ఆగుతుంది. మేనేజర్ వాచీ చూసుకున్నాడు. ఆటో కోసం గేటు దాకా నడుస్తుంటే మణెమ్మ నా మోచేయి పట్టుకుంది. మొదటి రోజు మామూలుగా చూస్తారు, తర్వాత కెమెరా పరీక్ష చెప్తారేమో అని చెప్పాను. మొలలే కావచ్చు, భయపడొద్దన్నాను.

"ఒక్కటి మాత్రం ముందే జెప్తున్న మణెమ్మా. పరీక్షకు ముందురోజు ఏమీ తినొద్దు. అంబలి గూడ వద్దు."

మణెమ్మ ఆగిపోయింది. "గదేంది మేడం! అంబలి తాగేదే గదా!"

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. కుట్లు పడ్డచోట ఇంకా కొంచెం లాగుతోంది.